సోమవారం, తూర్పు, మొరం రోడ్డు

నేను వెళ్లే రోడ్డు మీద వాహనమన్నది ఉండకూడదు. ఇది మా అమ్మ పెట్టిన మొదటి షరతు. లారీ ఉండకూడదు, బస్సు ఉండకూడదు, జీపు ఉండకూడదు. మోటారు సైకిలు మీద వెళ్తూ వెనక్కి తిరిగి చూసేవాడు అసలు ఉండకూడదు. ఎద్దుబండి ఉండవచ్చు గాని ఎద్దులు నెమ్మదైనవై ఉండాలి. జంషెడ్‌పూర్‌లో, పగలూ రాత్రీ ఇనుము మోసే లారీల మధ్య పుట్టి పెరిగిన పిల్లకి, డెబ్బైల చివర్లో, అమ్మ పెట్టిన షరతు ఇది. చంద్రుడి మీద ఉద్యోగం చూసుకోమంటే ఇంతకన్నా తేలిగ్గా ఉండేది. అక్కడ ట్రాఫిక్ తక్కువని విన్నాను.

నాకు బీఎస్సీ అయి రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ కాసిడీహ్‌లో మా వరండాలో చాప వేసుకుని చుట్టుపక్కల పిల్లలకి లెక్కలు చెప్పాను. వాళ్ల అమ్మలు జామకాయలు పంపేవారు. ఫిజిక్సు చదివింది జామకాయల కోసం కాదని నాకు అప్పుడప్పుడూ అనిపించేది గాని, జామకాయలు మంచివే కాబట్టి ఎవరితోనూ అనలేదు. అలాంటి సమయంలో ఊరికి తూర్పున, సువర్ణరేఖ నది కింది వైపు, ఒక పల్లెలో కమిటీ నడిపే హైస్కూలుకి సైన్సు చెప్పేవాళ్లు కావాలన్నారు. వెళ్లాను. హెడ్‌మాస్టరు గారు రెండు ప్రశ్నలు అడిగి సరే అన్నారు. కాని ఒక మాట చెప్పారు: ఛఠ్ పండగ సెలవుల తరవాత బడి తెరిచే సోమవారం నాడు వచ్చి చేరాలి. ఆ రోజు రాకపోతే ఆ కుర్చీ కమిటీ ప్రెసిడెంటు గారి మేనల్లుడిది. మేనల్లుడు ఆ సోమవారం సర్టిఫికెట్లు పట్టుకుని బెంచీ మీద కూర్చునే ఉంటాడనీ, తనేమీ చేయలేననీ కూడా చెప్పారు. ఇంత నిజాయితీగా బెదిరించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అంటే నాకు కావలసినవి రెండే. ఒక సోమవారం, ఒక రోడ్డు.

రోడ్డు వెతికే పని నాన్న తీసుకున్నారు. నాన్న కార్ఖానాలో మెయింటెనెన్స్ ఫిట్టరు. ఆయన లెక్కలో ఇన్‌స్పెక్షనూ ట్రయలూ లేకుండా ఏదీ లైను మీదికి ఎక్కకూడదు. అందులో కూతురు కూడా చేరుతుంది. ఆదివారం వస్తే ఆయన సైకిలు ముందు, నా లేడీస్ సైకిలు వెనక. నా సైకిలుకి వెనక చక్రం మీద చీర పడకుండా వల ఉండేది. ఆ వల తప్ప మిగతావన్నీ చప్పుడు చేసేవి.

మొదట ఒక పాత రైలు కట్ట మీద తీసుకెళ్లారు. ఎప్పుడో గనుల నుంచి రాయి మోసిన చిన్న లైను అది. పట్టాలు ఎవరో ఎత్తుకుపోయారు. స్లీపర్లు మాత్రం ఎత్తుకుపోలేదు. బరువని వదిలేసి ఉంటారు.

"లెవెలు సూడే అమ్మీ," అన్నారు నాన్న మురిసిపోతూ. "ఎక్కడైనా ఎగుడూ దిగుడూ ఉన్నదేటి? ఇంగ్లీషోడు ఏసిన లైను."

"నాన్నా, దుంగలు తగులుతన్నాయి."

"తగిల్తే తగల్నీ. లారీ తగల్దు కదా."

ఇంటికి వచ్చేసరికి టిఫిను డబ్బాలో పెరుగన్నం మజ్జిగన్నమైంది. నా నడుము గురించి అమ్మ అడగలేదు. డబ్బా మూత విప్పి చూసి, "ఈ దారొద్దు," అంది.

తరవాత సిద్ధగోరా బాబాయి ఒక దారి చెప్పాడు. అమ్మకి వరసకి చెల్లెలయ్యే మా పిన్ని మొగుడు ఈయన. కాంట్రాక్టు పనిలో మేస్త్రీ. జిల్లాలో తనకి తెలియని దారి లేదని ఆయన నమ్మకం. దారి చెప్పేటప్పుడు మాత్రం ఇప్పుడు లేని వాటితోనే చెప్పేవాడు. "ఆ టీ బడ్డీ ఉండేది సూడు, అక్కడ ఎడమకి తిరుగు. మావిడిసెట్టు కొట్టీసినారు కదా, దాని పక్కనుంచి ఎల్లిపో." లేని బడ్డీ దగ్గర ఎడమకి తిరిగి, లేని మామిడిచెట్టు పక్కనుంచి వెళ్లాం. ఆ దారి తిన్నగా నదిలోకి దిగింది. అవతలి ఒడ్డున మళ్లీ ఎక్కింది. మధ్య భాగం గురించి బాబాయి ఏమీ చెప్పలేదు.

"నాను ఎల్లినపుడు నీల్లు లేవే," అన్నాడు తరవాత అడిగితే. "మే నెలలో ఎల్లినాను. నువ్వు ఎల్తే నీల్లొచ్చీసినాయంటే నానేటి సెయ్యను?"

ఆఖరికి దొరికిన రోడ్డు బిర్సానగర్ దాటాక మొదలవుతుంది. నది పక్కనే ఎత్తుగా మట్టికట్ట, దాని మీద ఎర్ర మొరం పరిచి, పైన కంకర చల్లారు. ఆ కంకరలో సగం కార్ఖానాలో ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం. నాన్న ఒక ముక్క చేతిలోకి తీసుకుని, చుట్టాన్ని చూసినట్టు చూసి, "ఇది మన ఫర్నేసుదే," అన్నారు. ఒక వైపు నది, ఇంకో వైపు వరిచేలు, దూరంగా దల్మా కొండ. మనిషి లేడు, వాహనం లేదు. పిచ్చి పొదల్లోంచి మేకలు తొంగి చూసి, మాకంటే ముఖ్యమైన పనేదో గుర్తొచ్చినట్టు వెళ్లిపోయాయి. ఇంత మంచి రోడ్డు మీద ఎవరూ ఎందుకు లేరని నాన్న అనుమానపడ్డారు. చాలా దూరం పోయాక సంగతి తెలిసింది. రోడ్డు మొత్తం వేశారు, ఒక్క కల్వర్టు తప్ప. ఒక వాగు దగ్గర కట్ట తెగినట్టు ఆగిపోయి, అవతల మళ్లీ మొదలవుతుంది. ఇటొక గోడ, అటొక గోడ కట్టి, మధ్యలో స్లాబు వేయకుండా కాంట్రాక్టరు వెళ్లిపోయాడు. లారీ పోదు, జీపు పోదు. సైకిలు భుజాన వేసుకుని వాగులోకి దిగి, ఎక్కితే పోతుంది.

ఆ కాంట్రాక్టరు ఎవరో నాకు తెలియదు. అతను సగంలో వదిలేసిన పని వల్లనే అది మా అమ్మ ఒప్పుకునే రోడ్డయింది.

ఇంటికి వచ్చి నాన్న రిపోర్టు ఇచ్చారు. లారీ సున్నా, బస్సు సున్నా, మేకలు కొన్ని. అమ్మ తల ఊపింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒక రోజంతా ఆ ప్రాణం అలాగే ఉంది. మర్నాడు అమ్మ గోడ మీద కేలండరు ముందు నిలబడి ఏదో లెక్క వేసుకుంటూ కనిపించింది.

"సోమారం ఎల్లకూడదే," అంది.

"ఎక్కడికి?"

"తూరుపుకి. సోమారం, శనారం తూరుపుకి వారశూల."

"అమ్మా, సోమవారం ఎల్లకపోతే ఉద్యోగం లేదు."

"ఆదివారం ఎల్లి సేరిపో."

"ఆదివారం బడి ఉండదు."

"మంగళారం ఎల్లు."

"మంగళవారానికి ఆ కుర్చీలో ప్రెసిడెంటు మేనల్లుడు కూకుంటాడు."

"ఆడు ఏ దిక్కునుంచి వత్తాడు? ఆడికి శూల లేదేటి?"

దీనికి బీఎస్సీలో సమాధానం లేదు. నాన్న వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"అది పూర్తిగా తూర్పు కాదే. తూర్పు ఆగ్నేయం. నది అక్కడ వంక తిరుగుతాది."

"ఆగ్నేయంలో తూరుపు లేదేటి?"

"ఉన్నాది," అన్నారు నాన్న, నిజాయితీగల ఫిట్టరు కాబట్టి.

 నేను ఓ రెండు మాటలు హిందీలో అన్నాను. కోపం వస్తే నాకు హిందీ వచ్చేది. అమ్మకి అది అర్థం కానట్టు నటించడం వచ్చేది. సాయంత్రం బియ్యం ఏరుతూ తనే పరిష్కారం చెప్పింది.

"పరస్థానం పెట్టీద్దాం."

తెలియనివాళ్లకి చెప్తాను. ప్రయాణానికి రోజు మంచిది కాకపోతే, అంతకుముందు మంచి రోజున, మంచి వేళ చూసి, వెళ్లే మనిషి వస్తువు ఒకటి తీసుకెళ్లి ఆ దిక్కునే ఉన్న తెలిసినవాళ్ల ఇంట్లో పెడతారు. బట్టల మూటో, గొడుగో, చెప్పులో. ఇక ఆ మనిషి ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. మిగిలిన రోజు ప్రయాణం కాదు, కొనసాగింపు. పెట్టిన వస్తువుని ఇంటికి వెనక్కి మాత్రం తేకూడదు. వస్తువు కదిలితే మనిషి కదిలినట్టే అనే ఈ సూత్రం మా కాలేజీ పుస్తకాల్లో ఎక్కడా లేదు. కాని ఉద్యోగం దక్కుతుందంటే నేను ఏ సూత్రానికైనా సిద్ధమే. గొడుగు ఇచ్చేస్తానన్నాను.

"గొడుగేటే? నువ్వు గొడుగు మీద ఎల్తావా? దేని మీద ఎల్తావో అది సిద్ధగోరాలో మీ పిన్ని ఇంట్లో పెట్టాల," అంది అమ్మ.

"సైకిలా? మరి సోమవారం సిద్ధగోరా దాకా ఎలా ఎల్లడం?"

"రిక్షా ఎక్కు."

ఊరి నడిమధ్య, లారీల మధ్య, రిక్షా. అమ్మ ఒప్పుకుంది. ఎలా ఒప్పుకుందని నేను అడగలేదు. అడిగితే ఇంకో దిక్కు గుర్తొస్తుందేమోనని భయం.

ఆదివారం పొద్దున నా సైకిలుకి పసుపూ కుంకుమా పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. తాళంచెవి పోకుండా హ్యాండిలుకే దారంతో కట్టేశారు. నాన్న దాన్ని తొక్కుకుంటూ తూర్పుకి వెళ్లి, సిద్ధగోరాలో పిన్ని ఇంటి వరండాలో పెట్టి, నడిచి వచ్చారు. లేడీస్ సైకిలు మీద నాన్నని చూసి వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టారట. ఆ సంగతి ఆయన చెప్పలేదు, పిల్లలే చెప్పారు.

సోమవారం రాహుకాలం మొదలు కాకముందే నన్ను గడప దాటించేశారు. నాన్న పొద్దుటి షిఫ్టుకి అప్పటికే వెళ్లిపోయారు. కొత్త నేత చీర, సర్టిఫికెట్ల సంచి, టిఫిను డబ్బా, కొత్త చెప్పులు. చెప్పులు కొత్తవి వేసుకోవడం అమ్మ సలహా. రిక్షా దిగి పిన్ని వాళ్ల వరండా వైపు చూశాను. వరండాలో ఉల్లిపాయలు ఆరబోసి ఉన్నాయి.

"రామ్మా రా. టీ తాగుతావా?" అంది పిన్ని.

"సైకిలేది పిన్నీ?"

"సైకిలు ఎల్లిపోనాది కదే."

"ఎక్కడికి?"

"ముందుకి," అంది పిన్ని, రైలు గురించి చెప్పినట్టు.

నోట్లో పళ్లపుల్లతో బాబాయి బయటికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. మంచి పని చేసినవాళ్ల ముఖాలు అలా వెలుగుతాయి. వాళ్లని చూస్తే నాకు అప్పటినుంచీ భయం.

"మీయమ్మకి తెల్దే అమ్మీ. ఊల్లోనే పెడితే అది పరస్థానమేటి? పొలిమేర దాటించాల. మా ఊల్లో ఎవులైనా పొలిమేర దాటించే పెట్టీవోరు. కాసిడీ నుంచి సిద్ధగోరా అంటే ఏటి, ఈ గదిలోంచి ఆ గదిలోకి. అందుకని నిన్న మద్దినేల నానే తీసుకెల్లి బిర్సానగర్ మాస్టారింట్లో ఎట్టీసినాను. అది ఊరి సివర కదా."

"నాకు ఒక్క మాట చెప్పాల్సింది బాబాయ్."

"సెప్తే ఎనక్కి తెచ్చీమంటావు. ఎనక్కి తేకూడదు కదా."

ఈ వాదనలో ఎక్కడా సందు లేదు. నేను వెతికాను. బాబాయి తన సైకిలు కేరియరు మీద నన్ను బిర్సానగర్ దాకా దింపుతానన్నాడు. దింపాడు కూడా. దారి పొడుగునా పొలిమేర గురించి చెప్తూనే ఉన్నాడు. అక్కడ దింపి, పనికి గేటు మూసేస్తారని వచ్చిన దారినే పరుగుపెట్టాడు.

బిర్సానగర్ మాస్టారు గారు గుంటూరు వైపు క్రైస్తవులు. ఊళ్లో ఒక బడిలో పాఠాలు చెప్పేవారు. బాబాయి వాళ్ల ఇంటికి గోడ కట్టినప్పటినుంచీ స్నేహం. నేను వెళ్లేసరికి ఆయన మంచం మీద బోర్లా పడుకుని ఉన్నారు. ఆయన భార్య నడుముకి ఇటుక కాపడం పెడుతోంది. వాకిట్లో ఆయన సైకిలు గోడకి ఆనించి ఉంది. దాని ముందు చక్రం జిలేబీ చుట్టలా ఉంది. నా సైకిలు ఎక్కడా లేదు.

"వచ్చావా అమ్మా?" అన్నారు మాస్టారు తల ఎత్తకుండానే, సంతోషంగా. "నీ సైకిలు గురించి బెంగ పెట్టుకోకు. బడికి చేర్చేశాను."

"బడికా?"

"నీ బడికే. నిన్న చర్చి నుంచి వచ్చాక అన్నం తిని బయల్దేరాను. మీ బాబాయి ఎంతో నమ్మకంగా అప్పజెప్పి వెళ్లాడమ్మా. మాకు ఇలాంటివి లేవనుకో. కాని ఎదుటివాళ్ల నమ్మకాన్ని మనం సగం దారిలో వదిలేయకూడదు కదా. ఎంత ముందుకి పెడితే అంత మంచిదన్నాడు. ఇహ అంతకన్నా ముందుకి లేదు."

"మధ్యలో ఎక్కడైనా ఆపమని నేను చెప్పలేదా?" అంది ఆయన భార్య నాతో. "వింటేగా! ఒక చేత్తో తన సైకిలు, ఒక చేత్తో నీ సైకిలు పట్టుకుని తొక్కారటమ్మా, ఆ కంకర మీద. వాగు దగ్గర రెండూ మోశారట. నీదేమో భద్రంగా దింపారు. తిరిగి వచ్చేటప్పుడు అదే వాగులో తను పడ్డారు."

సైకిలూ ఆయన నడుమూ ఒకేచోట వంగాయి. ఆయన్ని ఏమీ అనడానికి నాకు నోరు రాలేదు. అది మరీ దుర్మార్గంగా అనిపించింది. లోలోపల మాత్రం చాలా అన్నాను.

రోడ్డు మొదట్లో ఒక రిక్షా దొరికింది. రిక్షావాడు ఆ కంకరని చూశాడు, నన్ను చూశాడు, చెయ్యి అడ్డంగా ఊపాడు. మెయిన్ రోడ్డు బస్సు పొద్దున్నే వెళ్లిపోయింది, ఇంకోటి మధ్యాహ్నమే. బడి గంట పదింటికి. సైకిలు మీద అయితే గంట దారి. నడిస్తే ఎంతో నాన్న కొలవలేదు. ట్రయల్లో నడక లేదు.

నడిచాను.

ఎన్నో ఆదివారాలు తిరిగి, దుంగలెక్కి, నదిలో దిగి, వాహనం రాని రోడ్డుని వెతికి పట్టుకున్నాం. ఆ రోజు నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే: ఏదైనా ఒక వాహనం. లారీ అయినా సరే. వెనక్కి తిరిగి చూసే మోటారు సైకిలువాడైనా సరే. ఏదీ రాలేదు. రోడ్డు తన మాట నిలబెట్టుకుంది. కంకర కింద మొరం అక్కడక్కడా వాన నీళ్లకి కోసుకుపోయి ఉంది. కొత్త చెప్పులు ఒక్కో అడుగుకీ పక్కకి జారుతున్నాయి. చిట్టెం ముక్కలు చెప్పుల్లోకి వస్తున్నాయి. ఆగి దులపడం, మళ్లీ నడవడం. బొగ్గు బస్తాలు కట్టిన సైకిళ్లు మూడు వచ్చాయి గాని అవి ఊళ్లోకి పోతున్నాయి. పైగా తొక్కేవాళ్లు కూడా దిగి తోస్తున్నారు. నెత్తి మీద కట్టెల మోపులతో కొందరు ఆడవాళ్లు వెనకనుంచి వచ్చి, నన్ను దాటి, నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆ రోజు ఆ రోడ్డు మీద నన్ను ఓవర్‌టేక్ చేసిన వాహనాలు అవే.

వాగు దగ్గర చెప్పులు చేతిలో పట్టుకుని దిగాను. చీర కుచ్చిళ్లు తడిశాయి. అవతలి గట్టు ఎక్కుతుంటే ఎక్కడో దూరంగా బడి గంట వినిపించినట్టయింది. ఆవు మెడలో గంట కూడా అయి ఉండవచ్చు. ఏదైనా కావచ్చు. ఆ శబ్దం వినగానే నాకు వరండా, చాప, జామకాయలు కనిపించాయి. ఉద్యోగం అయిపోయింది. మేనల్లుడు కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకుని ఉంటాడు. వెనక్కి తిరిగిపోదామా అనుకున్నాను. సైకిలు బడి దగ్గర ఉంది, దానికోసమైనా వెళ్లాలి. నన్ను నడిపించిందీ, వెనక్కి తిరగనివ్వనిదీ మాస్టారు అంత ముందుకి పెట్టిన ఆ సైకిలే.

బడికి చేరేసరికి పిల్లలు ఇంటర్వల్‌కి బయట ఆడుకుంటున్నారు. హెడ్‌మాస్టరు గారి గది గోడకి నా సైకిలు ఆనించి ఉంది, బడి మొదలైన నాటినుంచీ అక్కడే ఉన్నట్టు. హ్యాండిలు మీద పసుపూ కుంకుమా చెక్కుచెదరలేదు. పక్కన బెంచీ ఖాళీగా ఉంది. బెంచీ ఖాళీగా ఉందంటే మేనల్లుడు కుర్చీలోకి మారినట్టే కదా. తలుపు దగ్గర నిలబడి, ఆలస్యమైందనీ, క్షమించమనీ, సైకిలు తీసుకుని వెళ్లిపోతాననీ హిందీలో చెప్పాను.

హెడ్‌మాస్టరు గారు దర్భంగా వైపు మనిషి. కళ్లజోడు పైకి తోసుకుని, "ఆలస్యమా?" అన్నారు ఆశ్చర్యంగా. "ఆప్ తో కల్ హీ చల్ చుకీ థీఁ!"

మీరు నిన్ననే బయల్దేరారు కదా, అంటున్నారు.

 ఆయన నాకు విడమరిచి చెప్పారు, మొదటి పాఠం చెప్పినట్టు. నిన్న సాయంత్రం, బడి వెనక ఆయన ఉండే గదికి ఒక పెద్దమనిషి రెండు సైకిళ్లతో వచ్చి, మేడమ్ గారిది అని ఒకటి దింపి వెళ్లాడు. హ్యాండిలు మీద పసుపు, కుంకుమ. మర్నాడు సోమవారం, తూర్పు దిక్కు. ఇంక చెప్పాలా? ఆయన తల్లి కూడా ఆయన్ని కాలేజీకి పంపేటప్పుడు ఇలాగే ముందు రోజు ట్రంకుపెట్టె బయటికి పంపేదట. పొద్దున మేనల్లుడు వచ్చి, పది దాటింది, ఆవిడ రాలేదు, అన్నాడట. వస్తువు ఆదివారమే వచ్చేసింది, ఆవిడ దారిలో ఉంది, బయల్దేరిన మనిషిని రాలేదని ఎలా రాయను అన్నారట ఈయన.

"అతను ఒప్పుకున్నాడా?" అన్నాను.

ఒప్పుకోక ఏం చేస్తాడన్నారు. అతనూ ఊళ్లోంచి తూర్పుకే కదా రావాలి. సోమవారం బయల్దేరకూడదని ఆదివారం రాత్రికే వచ్చి ప్రెసిడెంటు గారింట్లో పడుకున్నాడట. తను పాటించినదాన్ని ఎదుటివాళ్లు పాటిస్తే తప్పెలా పడతాడు? కాసేపు బెంచీ మీద కూర్చుని, నా సైకిలు బెల్లు ఒకసారి మోగించి చూసి, వెళ్లిపోయాడట.

ఆ రోజు ఆ నది పొడుగునా శూలని లెక్కచేయనిది నేనొక్కదాన్నే. ఆలస్యంగా వచ్చిందీ నేనొక్కదాన్నే. అందరూ కలిసి నాకు ఈ గతి పట్టించి, అందరూ కలిసి నా ఉద్యోగం నిలబెట్టారు. ఎవరి మీద కోపం పెట్టుకోవాలో తెలియకపోయింది. అంత మంచి కోపం వృథా అయిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంటర్వల్ అయ్యాక తొమ్మిదో తరగతికి పంపారు. ఏ పాఠమైనా చెప్పమన్నారు. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వస్తుందని చెప్పాను. పిల్లలు ఉదాహరణ అడిగారు. ఒక ఆడమనిషి కంకర రోడ్డు మీద నడుస్తోంది అనుకోండి, అన్నాను. చెప్పులు విప్పి బల్ల కింద పెట్టి పాఠం చెప్పాను. మడమల మీద బొబ్బలు పిల్లలకి కనిపించలేదు.

సాయంత్రం నా సైకిలు మీద నేనే వెనక్కి వచ్చాను. ఎండ తగ్గింది. అదే కంకర చక్రాల కింద పేలాలు వేగినట్టు చిటపటలాడుతోంది. ఎద్దుబండి చక్రాల గుర్తుల మధ్య గడ్డి పెరిగిన చోట మెత్తగా పోతోంది. నది మీద ఎవరో వల విసురుతున్నారు. వెనకనుంచి హారను లేదు, ముందు నాన్న లేరు. పొద్దున రెండు గంటలకు పైగా నన్ను ఏడిపించిన రోడ్డు ఇదేనా అని అనుమానం వచ్చింది. వాగు దగ్గర సైకిలు భుజానికెత్తుకున్నాను. అది నేననుకున్నంత బరువేమీ లేదు. రెండు సైకిళ్లయితే మాత్రం బరువే. మాస్టారి ఇంటి ముందు దిగి, ఉద్యోగం వచ్చిందని చెప్పాను. ఆయన బోర్లా పడుకునే చెయ్యి పైకెత్తి దీవించారు.

ఇంటికి వచ్చి అంతా చెప్పాను. నాన్న షిఫ్టు నుంచి వచ్చి కూర్చుని ఉన్నారు. కథ పిన్ని వరండాలో ఉల్లిపాయల దాకా వచ్చేసరికే ఆయన ముఖం మాడింది.

"నాను పెట్టిన కాడ నుంచి పర్మిషన్ లేకండా కదిపీసినారా? కదపొద్దని ట్యాగు కట్టాల్సింది," అన్నారు.

అమ్మ చివరిదాకా విన్నది. ఉద్యోగం దక్కింది అన్నప్పుడు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తరవాత కోపం వచ్చింది. నా కాళ్ల గురించి కాదు.

"పరస్థానం దారిలో ఎట్టాల గాని ఎల్లే కాడే ఎట్టీడమేటే? ఇంక నువ్వు ఎల్లడానికేటున్నాది? ఆయన సదువుకున్నోడు కదా, ఆ మాత్రం తెల్దేటి?"

"ఆయన క్రైస్తవులు అమ్మా."

"అయితే మాత్రం?" అంది అమ్మ.

నేను వాదించలేదు. అప్పటికి అసలు భయం వేరే ఉంది. చేరడం ఒక్క రోజు పని. వెళ్లడం రోజూ. వారానికి ఒక సోమవారం, ఒక శనివారం. రెండు రోజులూ బడి ఉంది, రెండు రోజులూ తూర్పుకి శూల. ప్రతి ఆదివారం, ప్రతి శుక్రవారం నా సైకిలు సిద్ధగోరా, బిర్సానగర్ మీదుగా చేతులు మారుతూ పోవడం కళ్లకి కట్టింది. మాస్టారికి ఇంకో నడుము లేదు. రాత్రి అన్నం దగ్గర ధైర్యం చేసి అడిగాను.

"మరి శనివారం ఏటి సెయ్యాలమ్మా?"

"శనారం ఏటుంది?"

"తూర్పుకి శూల కదా."

అమ్మ నా వైపు వింతగా చూసింది.

"రోజూ ఎల్లేటోల్లకి శూలేటే? అలగైతే మీ నాన్న డూటీకి ఎల్లగలడా? శూల కొత్తగా ఎల్లేటోల్లకి. ఇంక నీకు లేదు. బీఎస్సీ సదివినావు, ఇదీ తెల్దేటి?"

నాన్న కంచంలోకి చూస్తూ అన్నం కలుపుకుంటున్నారు. ఆయన భుజాలు కొంచెం కదులుతున్నాయి. నేను ఆయన్ని చూడకుండా ఉండటానికి గోడని చూశాను.

మర్నాడు మంగళవారం. సైకిలు బయటికి తీసి, చక్రాల్లో గాలి కొట్టి, అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఎవరైనా ఏదైనా చెప్తారేమో, ఏ వేళో, ఏ దిక్కో అని. లోపలినుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఇంకా ఎల్లలేదేటే? నిన్న అంత ఆలస్యంగా ఎల్లినావు, నేడైనా బేగి ఎల్లు. ఆల్లేటనుకుంటారు?"